సాళువ కాలి దారం

ఫొటో అంతా కుదిరింది. కాలి దగ్గర ఒక్క దారం అడ్డమొచ్చింది.

అది కుందేటి సాళువ. కుందేళ్ళను, కౌజులను కొట్టి తినే పెద్ద గద్ద. మా బేతంచెర్ల చుట్టూ ఉన్న కొండల్లో రెండు మూడు జతలు ఉంటాయి, అంతే. దాని కోసం నాలుగేళ్ళు తిరిగినాను. ఆ శుక్రవారం పొద్దున దొంగలబండ అంచు మీద నుంచి అది నా వైపే తిరిగింది. ఒక్క నొక్కుడుకు కెమెరా పదకొండు తీసింది. కొన్నిట్లో రెక్క తెగింది, కొన్నిట్లో తల అదిరింది, మిగిలినవన్నీ ఒట్టి ఆకాశం. ఒక్కటి నిలబడింది. రెక్క కింద చారలు లెక్కపెట్టుకోవచ్చు. దాని కన్ను నా కన్నులోకి చూస్తూ ఉంది.

కుడి కాలి నుంచి మాత్రం మూరెడు దారం వేలాడుతూ ఉంది.

నేను స్టూడియో వాణ్ణి. పెళ్ళికూతురి జాకెట్టు నుంచి దారం బయటికొస్తే తుడవాలి. పెళ్ళికొడుకు చెంప మీద మచ్చ తుడవాలి. షామియానా వైరు వాళ్ళ తలల మీదుగా పోతే తుడవాలి. నెగటివు మీద సన్నపెన్సిల్‌తో దిద్దిన రోజుల నుంచి ఇదే నా అన్నం. నా చదువు మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కుంటాను. కంప్యూటర్ వచ్చినాక బటన్ల మీద బొమ్మలు గుర్తు పెట్టుకుని నేర్చుకున్నాను. అయినా ఈ ఊళ్ళో నా అంత శుభ్రంగా తుడిచేవాడు అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. బస్టాండు ముందర స్టూడియో పెట్టినవాడు దిద్దితే మనిషి ముఖానికి సున్నం కొట్టినట్టుంటుంది.

దారం కనబడింది. చెయ్యి దానంతట అదే పోయింది. రబ్బరు ముద్ర బొమ్మ నొక్కి, పక్కనున్న ఆకాశం ఎత్తి దారం మీద వేసినాను. నాలుగు నిమిషాలు పట్టింది. గడ్డిపోచో, తిన్న కౌజు పేగో అనుకున్నాను. అనుకున్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

కర్నూలులో ఒక సంఘం వాళ్ళు పిట్టల ఫొటోల పోటీ పెట్టినారు. మరుసటి రోజే ఆఖరు. మా ఇంటామె సుంకులమ్మ కాగితం చదివి పెట్టింది. ఆమె పది పాసయింది.

"ఫొటోలో ఉండేది తీసెయ్యకూడదు, లేనిది పెట్టకూడదు అని రాసినారు," అనింది.

"సంతకం యాడ?" అన్నాను.

"ఈడ."

పెట్టినాను.

వచ్చే గురువారానికి ఫోన్ వచ్చింది. మొదటి బహుమతి. ఆదివారం సభ. నా ఫొటో మనిషెత్తు చేసి హాలు గుమ్మం దగ్గర పెడతారంట. ఆ సాయంత్రానికల్లా మా వీధి వాళ్ళు బస్టాండులో, సరిగ్గా ఆ సున్నం వాడి స్టూడియోకు ఎదురుగా, నా పేరుతో బ్యానరు కట్టినారు. వాడు షట్టరు సగం దించుకుని కూర్చున్నాడు. నేను అటు రెండుసార్లు పని లేకపోయినా పోయి వచ్చినాను.

అంతకంటే ముందు, ఆ ఫోన్ వచ్చిన గంటకే, ఫొటో పెద్దది వేయించుకుని మౌలాలి తాత దగ్గరికి పోయినాను. ఊరంతా ఆయన్ని తాత అనేది. నేనూ అదే.

పిట్టల పనిలో నాకు గురువు ఆయన. కెమెరా ముట్టుకున్న మనిషి కాదు. ఫారెస్టు వాళ్ళ దగ్గర రోజుకూలీకి కొండ కాపలా కాసినాడు. వాళ్ళు కూలీ ఆపేసినారు, ఈయన కాపలా ఆపలేదు. నేను నేర్పమని పోతే మొదటి సంవత్సరం కెమెరా తేవద్దన్నాడు. సంచిలో ఉందని కనిపెడితే ఆ రోజంతా మాట్లాడేవాడు కాదు. ఆ ఏడాది నా కళ్ళ ముందు నుంచి ఎన్ని పోయినాయో. ఆ కడుపుమంట నాకు ఇప్పటికీ చల్లారలేదు, దాచిపెట్టను.

"పిట్టను సూడొద్దురా. అది దేన్ని సూస్తాందో దాన్ని సూడు," అనేవాడు. ఇదొక్కటే పాఠం. నాలుగేళ్ళూ ఇదే.

రెండో ఏడు నుంచి నేను ఫొటోలు తీసుకుపోయి చూపించేది. ఆయన చూసి "ఊఁ" అని తిరిగి ఇచ్చేది. బాగుందని ఒక్క మాట అనలేదు. ఆ మాట కోసమే నేను కొండలెక్కినాను. పక్షుల మీద ప్రేమ అని పేపరు వాళ్ళకు చెప్పినాను గానీ, అది అబద్ధం. ఆ ముసలాయన నోట్లోంచి ఆ ఒక్క మాట పీకాలని.

ఆ గురువారం పోయేసరికి క్వారీ పక్కనున్న తన నాపరాళ్ళ ఇంటి ముందర కూర్చుని పాదంలో ముల్లు తీసుకుంటున్నాడు. రెండు కాళ్ళూ వాచినాయి. ఒకదానికి గుడ్డ కట్టి ఉంది. గుడ్డ మీద నెత్తురు.

"కాళ్ళకేమయింది తాతా?"

"నడిసినా."

నేను ఫొటో ఆయన ముందర నిలబెట్టినాను. బహుమతి సంగతి ఇంకా చెప్పలేదు. ముందు ఆయన నోటితో ఆయన్నే అననిద్దామని.

ఆయన సూది పక్కన పెట్టినాడు. ఫొటో మీదికి వంగినాడు. ఊఁ అనలేదు.

"ఇది ఎప్పుడు తీసినావు?"

"పోయిన శుక్రవారం."

"శుక్రారమా? మంగళారం కాదు గదా?"

"శుక్రవారం పొద్దున. తొమ్మిది లోపల."

"సరిగ్గా చెప్పు రేయ్."

"కెమెరాలోనే ఉంటుంది తాతా తేదీ. శుక్రవారం."

ఆయన వేలితో రెక్క మీద చూపించినాడు. "పడుచుది. రొమ్ము ఇంగా ఎర్రగుండాది. మూడో ఈక సగానికి ఇరిగుండాది. ఇదే. గొర్ల ఓబులేసు చెప్పింది దీన్నే."

"ఓబులేసు ఏం చెప్పినాడు?"

"యావడో కుందేళ్ళకు ఉచ్చులు పెట్టినాడు. కుందేలు పడింది. ఇది పోయి ఆ కుందేలి మీద పడింది. ఉచ్చు దీని కాలికి బిగిసింది. తాడు తెంపుకోని లేసిపోయినాది. బుధారం పొద్దున ఓబులేసు కండ్లారా సూసినాడు, కాలికి తాడు ఏలాడతాండంగా." ముసలాయన ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ తాడు యా కంపకో సుట్టుకుంటే అయిపోయ. తలకిందులుగా ఏలాడి సస్తాది. ఎనిమిది దినాలుగా అందుకే తిరగతాండా, దొరికితే తాడు కోసేద్దామని."

ఆయన వేలు రెక్క మీద నుంచి కిందికి దిగింది. సాళువ కుడి కాలి దగ్గర ఆగింది. అక్కడ నేను వేసిన ఆకాశం ఉంది.

"తాడు ల్యా," అన్నాడు.

వేలు అక్కడే ఉంచి నా వైపు తిరిగినాడు.

"బుధారం ఉండాది. శుక్రారానికి ల్యా. ఊడిపోయినాది మద్దిలేటీ." ఆయన నవ్వినాడు. నాలుగేళ్ళలో ఆయన పళ్ళు ఎన్ని ఊడినాయో అప్పుడే చూసినాను. "ఊడిపోయినాది. బతికిపోయినాది."

పక్కింటామెను పిలిచి టీ పెట్టమన్నాడు. చేతికర్ర తీసి మూలకు ఆనించినాడు. "ఇది సూసినాంక తెలుస్తాందిరా కాళ్ళ నొప్పి," అన్నాడు. కొంచెంసేపు ఫొటో చూసుకుంటూ కూర్చుని, నా భుజం మీద చెయ్యి వేసినాడు.

"బాగా తీసినావురా."

చెప్పాల్సింది అప్పుడే. తాతా, తాడు ఉండింది, నేనే తుడిచినాను అనాలి. ఐదు మాటలు. కానీ నాలుగేళ్ళు కాచుకున్న మాట చేతికొచ్చింది. అందుకున్నదాన్ని ఆ క్షణమే తిరిగి ఇచ్చెయ్యాలంటే నాకు చేతకాలేదు.

ఎక్కడ తీసినావని కూడా ఆయన అడగలేదు. ఇంక అవసరం లేదు కదా. టీ తాగి వచ్చేసినాను.

శుక్రవారం స్టూడియోలో కూర్చున్నాను. కోపమంటే అట్లాంటి కోపం కాదు. ఓబులేసు మీద కోపం, గొర్రెలు కాసుకునేవాడికి గద్ద కాలితో ఏం పని అని. ముసలాయన మీద కోపం, డెబ్బై ఐదేళ్ళకు ఎవడు తిరగమన్నాడని. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చిన క్వారీ మేస్త్రీ మీద కూడా, గడ్డం ఎత్తమంటే ఎత్తలేదని అరిచినాను. ఆయన లేచి బస్టాండు దగ్గరికి పోయినాడు.

"ప్రైజు వచ్చినోని మొగమా ఇది?" అనింది సుంకులమ్మ. "పాలు ఇరిగిపోయినట్టుండాది."

"నీ పని సూసుకో."

"నా పనే ఇది. వచ్చినోళ్ళను తరిమేస్తాంటే నేను యాడ కూకోవాల?"

ఆమె లోపలికి పోయినాక, దిద్దక ముందరి ఫొటో తీసినాను. కాలి దగ్గర పెద్దది చేసినాను. ఇంకా పెద్దది చేసినాను.

దారం కాదు. నైలాను తాడు. దానికి ముడి ఉంది. ముడి పైన కాలు వాచి, పొలుసులు విచ్చుకుని ఉన్నాయి.

గడ్డిపోచకు ముడి ఉండదు. పేగుకూ ఉండదు.

మూసేసినాను. ఆదివారం కానిచ్చి సోమవారం పోయి చెబుదామనుకున్నాను. సభ అయిపోతే, బ్యానరు దించేస్తే, అప్పుడు ఏమైనా చెప్పుకోవచ్చు. ఈ మాట చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. అప్పుడు వేయలేదు.

శనివారం పొద్దున సుంకులమ్మ సభకు తన చెల్లెల్ని పిలవాలని రంగాపురం పోయింది. నేను షట్టరు ఎత్తుతున్నాను. బస్సు దిగి ఎవరో కుంటుకుంటూ వస్తున్నారు. ఉతికిన తెల్లచొక్కా. తలకు నూనె. గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. మౌలాలి తాత ఊళ్ళోకి వచ్చిందే నేనెప్పుడూ చూడలేదు.

"బ్యానరు సూసినా," అన్నాడు. "చదవనీకి రాదు గానీ నీ బొమ్మ ఉండాది గదా. కండక్టరు చెప్పినాడు. నాకెందుకు చెప్పలా రేయ్, బహుమానం వచ్చిందని?"

"చెబుదామనే..."

"రేపు నేనూ వస్తా. నీతో పాటే కూకుంటా."

స్టూలు వేసినాను. కూర్చోలేదు. గోడకున్న పెళ్ళి ఫొటోలన్నీ చూస్తూ నిలబడినాడు. చివరికి నా వైపు తిరగకుండానే అడిగినాడు.

"నాకో సిన్నది ఇస్తావా?"

"ఏది తాతా?"

"ఆ సాళువది. ఇంట్లో పెట్టుకుంటా." చెయ్యి చాచి కొలత చూపించినాడు, అరచెయ్యంత. "నీకు చెప్పలా నేను. మా నాయన జమీందారుకు సాళువలు పట్టి ఇచ్చేటోడు. నాకు పదేండ్లప్పుడే ఉచ్చు ఏసేది నేర్పినాడు. నేను ఏడు పట్టినా. ఆ దొర వాటి కాళ్ళకు తాళ్ళు కట్టి మనుసుల ముందర ఎగరేసి సూపిచ్చేటోడు. ఏడూ తాడుతోనే సచ్చినాయి."

నేను షట్టరు కడ్డీ చేత్తో పట్టుకుని అట్లే ఉన్నాను.

"తాడు ఇడిపిచ్చుకోని పోయిన సాళువ నా కండ్లకు ఇదొగటే మద్దిలేటీ. ఇంట్లో ఉంటే బాగుంటాది."

ఎంత పొగరున్నా మనిషికి ఒక హద్దుంటుంది. నాది అక్కడ తెగింది.

నేను కంప్యూటర్ ముందర కూర్చుని దిద్దక ముందరి ఫొటో తెరిచినాను. తెర ఆయన వైపు తిప్పినాను. కాలు పెద్దది చేసినాను. ఆయన దగ్గరికొచ్చి వంగినాడు. గురువారం పెట్టినచోటే వేలు పెట్టినాడు. ఈసారి అక్కడ తాడుంది.

"ఇది ఎప్పటిది?"

"అదే ఫొటో. అదే రోజు."

"మరి మొన్న నువ్వు సూపిచ్చిండేది?"

"తుడిచినాను తాతా. బాగా కనబడాలని."

నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. కొడితే కొట్టించుకుందామనే ఉన్నాను. ఆయన తిట్టలేదు. ఆయన మెడ మీద నరం ఒకటి ఉబ్బి, కొట్టుకుంటూ ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"యాడ?"

"దొంగలబండ."

"ఎటు తిరిగినాది?"

"వాగు పక్కకు."

"కెమెరా తీసుకో," అని రోడ్డు మీదికి నడిచినాడు.

నా మోటారుసైకిలు వెనక కూర్చున్నాడు గానీ నా భుజం పట్టుకోలేదు. గతుకుల్లో కూడా పట్టుకోలేదు. వెనక ఇనుపకడ్డీ పట్టుకున్నాడు. పదహారు కిలోమీటర్లు ఒక్క మాట లేదు. నాకు చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి. చెప్పనీయని మనిషి వెనక కూర్చుంటే అవన్నీ గొంతులోనే పుల్లగా మిగిలిపోతాయి.

దొంగలబండ కింద బండి ఆపినాను. అక్కడి నుంచి వాగు. నీళ్ళు లేవు. రెండు గట్ల మీదా తుమ్మచెట్లు, వాటి కింద కంప. ఆయన ఆకాశం చూడలేదు. చెట్ల కిందనే చూసుకుంటూ పోతున్నాడు, రెట్టల కోసం. కట్టు ఊడి కాలి వెంట ఈడ్చుకుపోతూ ఉంది. "కట్టు కడతా ఆగు తాతా" అంటే వినబడనట్టు పోయినాడు.

ఎండ నెత్తికొచ్చింది. మూడో మలుపు దగ్గర కాకులు అరుస్తున్నాయి. ఆయన అక్కడే నిలబడిపోయినాడు. చూడక ముందే ఆయనకు తెలిసిపోయింది. నాకు తెలియలేదు, నేను ముందుకు పోయినాను.

పెద్ద తుమ్మ. వాగు మీదికి చాచిన కొమ్మ. ఆ కొమ్మకు తాడు మూడు చుట్లు చుట్టుకుని ఉంది. తాడు చివర సాళువ. కుడి కాలి మీద మొత్తం బరువు వేలాడుతూ ఉంది. రెండో కాలు పొట్టకు ముడుచుకుని ఉంది. రెక్కలు రెండూ విచ్చుకుని కిందికి జారిపోయినాయి. గాలికి కొంచెం కొంచెం తిరుగుతూ ఉంది.

ముసలాయన చెట్టు కిందికొచ్చి కూర్చున్నాడు. రాలిన తుమ్మాకు రెమ్మలు దండిగా ఉన్నాయి. కొట్టుకుని కొట్టుకుని రాల్చింది. ఒక రెమ్మ తీసి వేళ్ళతో నలిపినాడు. రెట్ట ముట్టుకుని చూసినాడు.

"నిన్నటిది," అన్నాడు. "నిన్న మద్దేనం దాకా బతికే ఉండాది."

నిన్న మధ్యాహ్నం నేను కాలును పెద్దది చేసి చూసి, మూసేసినాను. గురువారం నేను ఆయన ఇంట్లో టీ తాగేటప్పుడు అది ఇంకా ఎగురుతూ ఉంది.

చెప్పులు విడిచి చెట్టు మొదలు పట్టుకుని రెండడుగులు ఎక్కినాను, కోద్దామని.

"దిగు."

"కోసి దించుతా తాతా."

"దిగురా. ముందర ఫొటో తియ్యి."

"ఎందుకు తాతా..."

"కెమెరా దేనికి తెచ్చినావు? తియ్యి."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ ఏదో ఒకటి అని ఉందును. కెమెరా తీసినాను. అది కదిలే పిట్ట కాదు కదా. ఒక్కసారి నొక్కినాను. ఒక్కటే తీసింది. ఒక్కటే చాలింది.

"సూపీ."

కెమెరా వెనకున్న చిన్న తెర ఆయనకు చూపించినాను. ఎండకు కనబడక చేత్తో నీడ పెట్టుకుని చూసినాడు. గురువారం ఎంతసేపు చూసినాడో అంతసేపు చూసినాడు.

"బాగా పడినాది," అన్నాడు. "రెక్కలు గూడా తెరుసుకోనుండాయి."

కెమెరా నా రొమ్ముకు ఆనించినాడు.

"ఇంటికి పోయి దీంట్లో గూడా తాడు తుడుసు. ఎగురుతాదేమో సూద్దాం."

ఆ తర్వాత ఆ రోజు ఆయన నాతో మాట్లాడలేదు. నేను చెట్టెక్కి తాడు కోసినాను. తుమ్మముళ్ళు చేతుల్లో దిగితే దిగనిచ్చినాను. కింద ఆయన తెల్లచొక్కా విప్పి రెండు చేతులతో పరిచి పట్టుకున్నాడు. సాళువ అందులో పడింది. అంత పెద్ద పిట్ట, శబ్దమే లేదు. మూట కట్టుకున్నాడు. బండి ఎక్కమంటే ఎక్కలేదు. వాగు వెంబడే, ఆ కాళ్ళతోనే, నడిచిపోయినాడు.

నేను బండి దగ్గర చాలాసేపు నిలబడినాను. ఆయన మీద అంత మంట నాకు ఎప్పుడూ లేదు. అంత మాట అనాలా? తప్పు ఒప్పుకుని నేనే కదా చూపించింది? సున్నం వాడైతే ఒప్పుకునేవాడా? అట్లా అనుకుంటూనే ఇంటికొచ్చినాను.

గురువు ఒక పని చెప్పినాడు. చెయ్యాలి. పంతానికే అనుకో. స్టూడియో తలుపు దగ్గరికి వేసి, కంప్యూటర్ ముందర కూర్చున్నాను. రబ్బరు ముద్ర బొమ్మ నొక్కినాను. పక్కనున్న ఆకాశం ఎత్తినాను. తాడు పోయింది. తుమ్మకొమ్మ పోయింది. కాలి మీద గాయం పోయింది. కన్ను సగం మూసుకుని ఉంది. చనిపోయినవాళ్ళ ఫొటో ఎన్లార్జి చేసేటప్పుడు మేము కళ్ళు తెరిపిస్తాం, ఇంటివాళ్ళు అడుగుతారు. ఆ పని నాకు బాగా వచ్చు. తెరిపించినాను.

చివరికి బొమ్మను తలకిందులు చేసినాను.

రెండు రెక్కలూ పైకెత్తి, ఒక కాలు చాచి, వేట మీదికి దిగుతూ ఉంది సాళువ. మా పనిలో ఉన్నవాళ్ళు బతుకంతా తిరిగినా దొరకని ఫొటో అది. ఎక్కడా తప్పు లేదు. నేనే వెతికినాను, నా చెయ్యి పడిన గుర్తు నాకే కనబడలేదు.

తలుపు తీసుకుని సుంకులమ్మ వచ్చింది. చెల్లెలి ఊరి నుంచి తెచ్చిన సంచి ఇంకా చేతిలోనే ఉంది. నా వెనక వచ్చి నిలబడింది.

"ఇదెప్పుడు తీసినావు?"

నేను కుర్చీ పక్కకు జరిపినాను.

"అబ్బ, ఎట్ల దిగతాందో సూడు. పానం లేసొచ్చినట్టుండాది." సంచి కింద పెట్టి తెర మీదికి వంగింది. "ఇంత మంచిది ఇంట్లో పెట్టుకోని మామూలుది పంపినావే. ఇది పంపింటే ఎంత బాగుండు."

నేను ఫోన్ తీసుకుని కర్నూలు సంఘం వాళ్ళకు కలిపినాను. అవతల ఎవరో ఎత్తి, రేపు సభకు ఎంతమంది వస్తున్నారని అడిగినారు. నేను ఫొటోలో ఏం తీసేసినానో మొదట అది చెప్పినాను.